ఎడమ భుజం ఒక వేలు కిందికి

సోమవారం, ఫిబ్రవరి 10

పూజ్యురాలైన అక్కయ్య పాదాలకు, అందులోనూ సాయంత్రమయ్యేసరికి వాచే ఆ ఎడమ పాదానికి ప్రత్యేకంగా, చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమనే తలుస్తున్నాను. కాకపోయినా చెప్పే రకం కాదు కాబట్టి అలా తలుచుకోవడమే నాకు తేలిక.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. నా గొంతు వినగానే పెట్టేస్తున్నది నువ్వే కదా. మీ మేట్రన్ గొంతుతో మాట్లాడి, రేపటి నుంచి నీ డ్యూటీ శవాల గదిలో అని చెప్పింది నేనే, కాదనను. నువ్వు ఒక్క ప్రశ్నయినా అడక్కుండా తెల్లారేసరికి వెళ్ళి ఆ గది ముందు నిలబడతావని నేనేమైనా కలగన్నానా? మరొకరైతే ఎందుకు, ఏమిటి అంటారు. నువ్వు డ్యూటీ అన్న మాట చెవిన పడితే చాలు, చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తావు. తప్పు నాదే, కానీ సగం నీది.

ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు. చించితే చించుతావు, తర్వాత ఆ ముక్కలన్నీ ఏరుకుని కూర్చుని చదువుతావు. కూర్చుని కాదులే, నిలబడే. నువ్వెప్పుడు కూర్చున్నావు గనక.

ముందు పని మాట. నీ డ్యూటీ కోట్లు రెండూ కత్తిరించాను, కుట్టడమే మిగిలింది. కొలతల కోసం నా దగ్గరుంచిన నీ ఆది కోటు పెట్టె అడుగునే ఉంది, దాన్ని బయటికి తియ్యాల్సిన పని కూడా పడలేదు. నీ ఒళ్ళు నాకు కంఠతా వచ్చు. ఎప్పటిలాగే ఎడమ భుజం ఒక వేలు కిందికి దించాను. రోగుల్ని ఆ పక్కనే లేపి లేపి వంగిపోయిన భుజం అది, సమానంగా కుడితే కోటు మెడ పక్కకి లాగుతుంది. ఎప్పటిలాగే చుట్టూ రెండేసి వేళ్ళు లూజు వదిలాను. ఎప్పటిలాగే నువ్వు లూజని తిడతావు. తిట్టు. ఊపిరి పీల్చుకోవాలనే ఆలోచన నీకెప్పుడైనా వస్తే పనికొస్తుందని వదులుతున్నాను.

ఇక గిజిగాడి సంగతి. చిన్నప్పుడు దారప్పోగులూ పుల్లలూ ఏరుకొచ్చి మంచం కింద కుక్కేదని దానికి నేను పెట్టిన పేరు అది. ఆ పేరుకి తగ్గట్టే తయారైంది నీ కూతురు. దాని గురించి నువ్వు అడగవు, నీకు చెప్పమని అది అనదు. మధ్యలో నేను మద్దెలని, రెండువైపులా వాయింపే. పైగా నోట్లో నువ్వు గింజ నానని దాన్ని. అందుకని చెప్పేస్తున్నాను.

మందుల చదువు మధ్యలో వదిలేసి, మా ఇంట్లో ఉంటూ బొమ్మల కాలేజీలో చేరినప్పుడు నువ్వు పెట్టిన షరతు దానికి బాగా గుర్తుంది. ఆఖరి పరీక్ష తప్పితే నోరెత్తకుండా వచ్చి మీ ఆసుపత్రి మందుల కిటికీ వెనక నిలబడాలి. ఆ కిటికీ దాని తలకాయలో మేకులా దిగి ఉంది. అన్నం తింటూ తింటూ ఆగిపోతుంది, ఏమిటే అంటే కిటికీ అంటుంది.

ఆ ఆఖరి పరీక్ష కాగితం మీద కాదు, నేల మీద. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారట. నాకు తెలిసిన ఇన్‌స్టలేషన్ ఒక్కటే, ఫ్యాను కొంటే బిగించడానికి మనిషొచ్చి చేసేది. ఇది అది కాదట. కాలేజీ వెనక వాగుంది, వాగు ఒడ్డున గడ్డి వాలు ఉంది. ఒక్కొక్కరికీ ఆ వాలు మీద ఒక జాగా ఇచ్చారు. అక్కడ దొరికే మట్టీ కొమ్మా రాయీ గడ్డీ తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. మేకు వద్దు, తాడు వద్దు, జిగురు వద్దు. (జిగురన్న మాట విని నాకు ప్రాణం ఉసూరుమంది. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి కుర్చీకి జిగురు రాసే కదా నా చదువు ముగించాను.) చేసేది మనిషి ఒంటికి సంబంధించిందై ఉండాలి, చూపించే రోజున అందులో నిజంగా ఒక మనిషి ఉండాలి. శరీరం లేకపోతే అది వట్టి గొయ్యేనని వాళ్ళ మాస్టారు తేల్చి చెప్పాడు. ఆయన చెప్పుల్లేకుండా తిరుగుతాడు కాబట్టి పిల్లలందరూ చెప్పుల్లేని మాస్టారంటారు.

నీ కూతురు ఏం చేసిందో తెలుసా? నన్ను పట్టుకెళ్ళి గడ్డిలో పడుకోబెట్టింది. రోజూ పొద్దున్నే, మంచు తడి ఆరకముందే. నా ఒంటి కింద గడ్డి ఎలా అణిగిందో లేచాక చూస్తుందట. నేను లేచాక చూస్తే ఏముంది, గేదె పొర్లిన చోటు. పిన్నీ, కదలకుండా ఉండలేవా అంది. నీకు తెలియందేముంది, మన ఇంట్లో కాలు ఊపకుండా కూర్చున్నవాళ్ళెవరు? పోనీ అదే పడుకుందామని పడుకుంది. నాకంటే ఘోరం. కాలుగాలిన పిల్లిలా లేచి అటూ ఇటూ తిరిగి మళ్ళీ పడుకుంటుంది, ఆ అచ్చు చూస్తే పడుకున్నది ఒకరా నలుగురా అన్నట్టుంది.

అప్పుడొచ్చాడు చెప్పుల్లేని మాస్టారు. ఆయన కళ్ళు మూసుకుని మాట్లాడతాడు. నేను పడుకుని ఉండగా నా పక్కన నిలబడి, నేల శరీరాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుందో కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఎంతకీ తెరవడే. నేను మెల్లగా లేచి, పక్కనే తిరుగుతున్న వాచ్‌మన్ కుక్కని నా అచ్చులో పడుకోబెట్టి, వెళ్ళి పొద వెనక కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు. కుక్కని చూశాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అని నేను గోతికాడ నక్కలా చూస్తున్నాను. ఆయన చాలాసేపు చూసి గిజిగాడితో, కదలకుండా పడుకోవడమంటే ఇదీ అని చెప్పి వెళ్ళిపోయాడు. నా జన్మలో నన్ను ఓడించింది ఆయనొక్కడే.

ఉండు, ఎవరో జిప్పు పోయిందని వచ్చారు.

వచ్చాను. ఎక్కడున్నాను? ఆ. అచ్చు పని కుదరదని తేల్చుకుని, గిజిగాడు ఇప్పుడు తవ్వుతుందట. ఒక ఒళ్ళు పట్టేంత గొయ్యి తవ్వి, లోపల మట్టి మెత్తి, చుట్టూ కొమ్మలు అల్లి, గూడు లాగా. అందులో మనిషి పడుకోవాలి. ఎవరి ఒళ్ళు అని నేను అడగలేదు. ఇన్నాళ్ళు మంచులో ఎవరిని తడిపిందో వాళ్ళదే కదా. చూశావా, నువ్వు జీవితమంతా నిలబడ్డావు, నీకెవరూ ఏమీ కట్టలేదు. నేను పడుకున్నాను, నాకు కళాఖండం కడుతున్నారు.

శుక్రవారం, ఫిబ్రవరి 14

ఉత్తరం ఆ రోజే వేద్దామనుకున్నాను, కుదర్లేదు. నా సంగతి నీకు తెలుసు, సూదిలో దారం ఎక్కించి లేచిపోతాను. మీ మరిదిగారు అన్నట్టు నా పనులన్నీ గుండీలు కుట్టని చొక్కాలే.

తవ్వకం అయింది. ముందు పైన గడ్డిని పలకలు పలకలుగా కోసి, తడి ఆకులు కప్పి నీడలో పెట్టింది, పని అయ్యాక అంచుల మీద మళ్ళీ అతికించడానికి. పైన ఎర్రమట్టి, కింద ఇసక. తల దగ్గర జానెడు లోతు, తుంటి దగ్గర మోకాలి లోతు, మడమల దగ్గర మళ్ళీ పైకి. మంచం కంటే నయంగా ఉందనుకో. వాగు అడుగు బంకమట్టిలో ఎండుగడ్డి తరిగి కలిపి తొక్కుతుంది. తొక్కడానికి నన్ను రమ్మంది. నేను తొక్కుతూ తొక్కుతూ జారి కూర్చున్నాను, అది నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కాబట్టి ఇంకోసారి కావాలని జారాను.

మొదటిరోజే వాచ్‌మన్ తాత ఆఫీసుకి పరిగెత్తాడట, పిల్ల ఎవరికో సమాధి తవ్వుతోందని. ఆయన నన్ను పిలిచి అడిగితే నేను ఊరుకుంటానా, అవును తాతా, పెళ్ళిచూపుల్లో నచ్చలేదన్నవాణ్ణి పూడ్చడానికి అన్నాను. ఆయన అప్పటి నుంచి గిజిగాణ్ణి చూస్తే లేచి నమస్కారం పెడుతున్నాడు.

వీధిలో మాత్రం బాగా చాటాను. నా మీద మా అమ్మాయి శిల్పం చేస్తోందని నా కుట్టు కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. పక్క కొట్టు రొట్టెలావిడ, శిల్పానికి అంత మట్టి సరిపోతుందా అని నా తుంటి వంక చూసింది. చూస్తే చూసింది. ఒకటో తేదీ శనివారం చూపిస్తారు, ఆ రోజు కొట్టు మూసేస్తున్నాను. ఏం వేసుకోవాలో కూడా అనుకున్నాను, మట్టిరంగులో పొడుగు గౌను కుట్టుకుంటే బాగుంటుందేమో. నవ్వకు.

నవ్వని సంగతి కూడా చెప్తాను. బుధవారం వాన పడింది. పెద్దది కాదు, కానీ వాలు మీంచి నీళ్ళు తిన్నగా గొయ్యిలోకి దిగాయి, మెత్తిన మట్టి అంతా ఒక పక్కకి కూలింది. నేను గొడుగు పట్టుకుని వెళ్ళేసరికి అది వానలో మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో నీళ్ళు తోడుతోంది. గొడుగు పట్టాను, పక్కకి తోసింది. తోడితే మళ్ళీ నిండుతోంది. ఏమే, ఎలాగూ రేపు మళ్ళీ మెత్తాలి కదా, ఇప్పుడు తోడి ఏం లాభం అన్నాను. ఏదో ఒకటి చేస్తుంటే కిటికీ గుర్తురాదు అంది. నేనూ దిగి తోడాను. ఇద్దరం ఇంటికొచ్చేసరికి మీ మరిదిగారు మమ్మల్ని గుమ్మం బయటే నిలబెట్టి బకెట్లతో కడిగారు.

మళ్ళీ మెత్తింది. పైన, పై వాలులో, నీళ్ళు పక్కకి పోయేలా చిన్న కాలవ తీసింది. ఇప్పుడు అంచుల అల్లిక. వాగు ఒడ్డు పొదల్లో వేలి లావు కొమ్మలు, పచ్చివే వంగుతాయి, ఎండితే పుటుక్కుమంటాయి. అందుకని పొద్దున కోసినవి పొద్దుపోయేలోగా అల్లెయ్యాలి. చేతుల నిండా గీతలు. గోళ్ళు లేవు, ఉన్నవి కొరికేసింది. ఇంట్లో ఉన్నా కూర్చోదు, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ వేళ్ళతో గాల్లో ఏదో అల్లుతుంటుంది. ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. నా కాలు కూడా ఇప్పుడు బల్ల కింద ఊగుతోంది, అక్షరాలు వంకరపోతే అందుకే.

నిన్న మాస్టారొచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, కళ్ళు మూసుకోలేదు, అంటే బాగుందన్నమాట. పడుకునేదెవరు అని అడిగాడు. నేను పక్కనే పళ్ళికిలించుకుని నిలబడ్డాను. నీ కూతురు తల వంచుకుని, వస్తారు సార్ అంది. ఇక్కడే ఉన్నదాన్ని పట్టుకుని వస్తారనడమేమిటో. మర్యాద కోసం అన్నదనుకున్నాను. ఆయన వెళ్ళాక, ఏదీ ఒకసారి పడుకుని చూస్తానే, కొలత సరిపోయిందో లేదో అన్నాను. ఇంకా తడారలేదు పిన్నీ అంది. నిన్నా అదే మాట, ఇవాళా అదే మాట. తాకితే పొడిగానే ఉంది నాకు. ఆదివారం అది రంగుల గదిలో ఉంటుంది. అప్పుడు చూద్దాం.

మంగళవారం, ఫిబ్రవరి 18

అక్కయ్యా, ఇక ఈ ఉత్తరం ఇవాళ పోస్టులో పడాల్సిందే.

అల్లిక అయిపోయింది. దాచిన గడ్డి పలకలు అంచుల మీద అతికించింది, వాన మేలే చేసినట్టుంది, పట్టుకున్నాయి. లోపల నాచు పరిచింది. దూరం నుంచి చూస్తే నేల పక్కకి తిరిగి ఎవరికో చోటిచ్చినట్టుంది. ఇలాంటి మాటలు నావి కావు, మాస్టారివి. కానీ చూస్తే నువ్వూ ఒప్పుకుంటావు.

కొలత బాగానే కుదిరింది. నా గురించి బెంగలేదు, శనివారం నేను పడుకుంటాను, పరీక్ష గట్టెక్కుతుంది.

అసలు రాయాల్సిన మాట. పెట్టెలో నీ ఆది కోటుని ఎలుకలు కొట్టేశాయి. భుజాలు పూర్తిగా పోయాయి. నీ కొత్త కోట్లు రెండూ అలాగే ఆగిపోయాయి, నువ్వొచ్చి కొలతలిస్తే తప్ప నేను కత్తెర పట్టలేను. ఎప్పుడో అప్పుడు అనకు, ఒకటో తేదీ శనివారం రా, ఆ రోజైతే నాకు వేరే కుట్టుపని లేదు. పొద్దున బస్సుకి బయల్దేరితే ఎండెక్కకముందే వచ్చేస్తావు. కొలతలిచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు. ఇంతకంటే రాయడానికేమీ లేదు. మీ మరిదిగారు నమస్కారాలు చెప్పమన్నారు. గిజిగాడు ఏమీ చెప్పమనలేదు, కానీ నేనీ మాట రాస్తుంటే పక్కనే నిలబడి చదువుతోంది.

ఇట్లు,
నీ పరువు తీయడానికే పుట్టిన,
నీ కోట్లు లూజుగా కుట్టే,
చెల్లెలు

తా.క.

ఈ కాగితం గోధుమరంగులో ఉందేమిటంటే, ఇది నా సంచిలో ఉన్న కత్తిరింపు కాగితం. పోస్టాఫీసు అరుగు మీద నిలబడి రాస్తున్నాను. నిలబడి రాయడం నీ పద్ధతి, నాకు చేతకాదు, నడుం లాగేస్తోంది.

గిజిగాడు పైనున్నదంతా సంతకం దాకా చదివింది. ఎలుకల దగ్గర నవ్వింది. ఆ మాత్రం వంక చాలు పిన్నీ, ఇందులో ఇంకొక్క ముక్క రాసినా మన ఇద్దరికీ చెడుతుంది అంది. మిషన్ మీద చెయ్యి పెట్టించి ఒట్టు కూడా వేయించుకుంది, ఆ ఉత్తరంలో ఇంకేమీ రాయనని. రాయలేదు. ఉత్తరం సంతకం దగ్గర అయిపోయింది. ఇది వేరే కాగితం.

ఆ గొయ్యి నాది కాదు.

సోమవారం రాసినప్పుడు నాదే అనుకున్నాను, శుక్రవారమూ అనుకున్నాను. ఆదివారం పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. చెప్పులు విప్పి, వెల్లకిలా పడుకున్నాను. లేచాక నా చెప్పులు రెండూ పక్కనే వదిలేసి వాచ్‌మన్ తాతని హడలగొడదామని కూడా అనుకున్నాను, చూడు నా బుద్ధి. నా తుంటి పట్టలేదు. ఇటుపక్క రెండు కొమ్మలు విరిగాయి. నా మడమలు చివరికి జానెడు దూరంలో ఆగిపోయాయి. కుడి భుజం మట్టికి ఆనింది, ఎడమ భుజం గాల్లో వేలాడింది. అటుపక్క నేల కిందికి ఉంది. చెయ్యి పెట్టి తడిమాను. ఒక వేలు.

ప్రపంచంలో ఇంకెవరి భుజాన్నీ నేనలా దించను.

లేవడానికి చాలాసేపు పట్టింది. ఒకటి ఇరుక్కుపోయి, రెండోది లేవాలనిపించక. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేను ఎవరో తీసిన గోతిలో, ఎవరికో తీసిన గోతిలో పడ్డాను. ఒడ్డున కూర్చుని మీ ఇద్దర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. మంచులో తడిసింది నేను, మట్టి తొక్కింది నేను, వీధంతా చాటుకుంది నేను. గూడు నీకా? వండి పెట్టేది నేనే, తల దువ్వేది నేనే, పుల్లలేమో నీకోసం ఏరుతుందా? ఇంటికొచ్చి పెట్టె తీశాను. ఆది కోటు లేదు. గిజిగాడి పరుపు కింద ఉంది, వీపు మీద బంకమట్టి మరకలతో. ఎలుకలు ఒక్క పోగు కూడా ముట్టలేదక్కయ్యా. నీ కొలతలు కంఠతా వచ్చని పైన రాసి, కింద ఎలుకలన్నాను. అబద్ధానికి కూడా ఆది ఉండాలి, నేను చూసుకోలేదు. నీ కోట్లు రెండూ కుట్టడమైపోయి కొక్కేనికి వేలాడుతున్నాయి.

అది వచ్చాక కోటు ముందు పడేసి, నాకెందుకు చెప్పలేదే అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నిలబడి గోరు కొరుక్కుంటూ చెప్పింది. ఇది మాత్రం దాని మాటల్లోనే రాస్తాను, ఒక్కటీ కలపను.

"నేను లేచేసరికి అమ్మ లేచి ఉంటుంది. నేను పడుకునేసరికి నిలబడి ఉంటుంది. అమ్మ పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు పిన్నీ. పడుకుంటే ఎంత చోటు పడుతుందో నాకు తెలీదు. అందుకే కోటు తీసుకున్నాను."

మరి పిలవ్వే, నేను ఫోన్ చేస్తాను అన్నాను. వద్దంది.

"పిలిస్తే డ్యూటీకొచ్చినట్టు వస్తుంది. గడియారం చూసుకుంటూ పడుకుంటుంది. అలాగైతే నాకొద్దు."

రాకపోతే పరీక్ష ఏమవుతుందే అంటే, ఖాళీగా ఉంటుంది అంది. ఖాళీగా ఉంటే మార్కులు లేవని దానికి తెలుసు. కిటికీ వెనక నిలబడాలని తెలుసు. అయినా ఆ మాట అంటున్నప్పుడు దాని కాలు ఊగలేదు. ఆ పిల్ల కాలు ఊగకపోవడం నేను చూడ్డం అదే మొదలు. భయమేసింది నాకు. చివరికి కోట్ల కోసం నిన్ను రమ్మనడానికి మాత్రం ఒప్పించాను. వచ్చాక వాగు దాకా నడుస్తావో లేదో, చూసి పడుకుంటావో లేదో, అది నీ ఇష్టానికి వదిలేయాలట. నీ ఇష్టానికి! నీకు ఇష్టమనేది ఒకటి ఉందని కన్నకూతురికి తెలిసినంత కూడా నీకు తెలీదు.

విరిగిన కొమ్మలు రెండూ మళ్ళీ అల్లేసింది. కుక్క తొక్కిందేమోలే అన్నాను. అది నా తుంటి వంక చూసి ఊరుకుంది.

ఒక పొరపాటు మాత్రం చేసింది పిచ్చిది. కోటు కొలతే ఒంటి కొలత అనుకుంది. నేను వదిలే లూజు దానికేం తెలుసు? చుట్టూ రెండేసి వేళ్ళు ఎక్కువ తవ్వేసింది. చెప్పలేదు నేను. అందులో నువ్వు అటూ ఇటూ కదలొచ్చు, కాలు ఊపుకోవచ్చు. కదలకుండా పడుకోవడం మన వంశంలో ఎవరివల్లా కాలేదు, నీ ఒక్కదానివల్ల ఎందుకవ్వాలి.

నువ్వు నమ్మవు. ఇది కూడా శవాల గది లాంటిదే అనుకుంటావు. అనుకోకేం చేస్తావు, నా చరిత్ర అలాంటిది. అందుకే ఈ కాగితంలో ఒక నీలం దారం మడిచి పెట్టాను. ఆ గొయ్యిలో ఈ భుజం అంచు నుంచి ఆ భుజం అంచు దాకా పరిచి తెంపిన దారం, ముడి వేసిన చోట మెడ. నీ వీపు మీద పెట్టించుకుని చూడు. అటూ ఇటూ రెండేసి వేళ్ళు మిగులుతుంది, మిగతాది నువ్వే. నా మాట నమ్మకు, దారాన్ని నమ్ము.

వస్తే మాత్రం నీకిదంతా తెలిసినట్టు కనపడకు. ఎలుకల గురించి నన్ను నాలుగు తిట్టు, కోట్లు తీసుకో, ఊరికే అటు నడుద్దామా అను. గడియారం బస్సులోనే తీసి సంచిలో పడేసుకో. సెలవు అడగడం నీకు రాదు, మీ మేట్రన్‌కి నేను ఫోన్ చేసి నీ గొంతుతో అడిగేస్తాను. అది కూడా ఎప్పుడో నేర్చుకున్నాను.

నువ్వు రాకపోతే శనివారం నేనే వెళ్ళి పడుకుంటాను, అది వద్దన్నా సరే. తుంటి దగ్గర కొమ్మలు మళ్ళీ విరుగుతాయి. పర్వాలేదు పిన్నీ అంటుంది. ఆ పర్వాలేదన్న మాట దానికి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నీకు తెలుసు. దాని నోట ఆ మాట రాకుండా చూడు.